ప్యాలెట్ ఎన్ని టన్నులు మోస్తుంది? దేని మీద ఆనుతుందో ముందు చెప్పాలి

చెన్నైలో మాధవరం దాటి జీఎన్‌టీ రోడ్డు పట్టుకుంటే, రెడ్‌హిల్స్ నుంచి గుమ్మిడిపూండి మీదుగా సరిహద్దు దాటి తడ, శ్రీసిటీ దాకా దారి పొడుగునా గోడౌన్లు తగులుతూనే ఉంటాయి. పడమట శ్రీపెరంబుదూరు, ఒరగడం వైపు కార్ల కర్మాగారాలను అంటిపెట్టుకుని మరో బారు ఉంది. ఉత్తరం వైపు గోడౌన్లలో సూపర్‌వైజరు దగ్గర్నుంచి ముఠా మేస్త్రీ దాకా తెలుగు మాట వినబడుతూనే ఉంటుంది. సూళ్లూరుపేట, నాయుడుపేట అక్కడికి దూరమేం కాదు. ఈ గోడౌన్లలో ర్యాక్, అంటే సరుకును అంతస్తులుగా పెట్టే ఇనుప చట్రం, కొనాలంటే డ్రాయింగు వేయిస్తారు, లోడు లెక్క కట్టిస్తారు, మూడు కొటేషన్లు తెప్పిస్తారు. సరుకు పేర్చి ఎత్తే చెక్క లేదా ప్లాస్టిక్ బల్ల, అంటే ప్యాలెట్ దగ్గరికొచ్చేసరికి అడిగేవి రెండే ప్రశ్నలు: రేటెంత, ఎన్ని టన్నులు మోస్తుంది? మొదటిదానికి జవాబు దొరుకుతుంది. రెండోదాన్ని అలా అడిగినంత కాలం సరైన జవాబు రాదు.

ఎందుకంటే ప్యాలెట్ బలం ఒక్క అంకె కాదు. అమ్మేవాళ్ల కాగితం మీదే మూడు అంకెలుంటాయి. స్టాటిక్ లోడ్ అంటే చదునైన నేల మీద కదలకుండా కూర్చున్నప్పుడు మోసేది. డైనమిక్ లోడ్ అంటే ఫోర్క్‌లిఫ్ట్ ముందుండే ఇనుప కొమ్ముల, అంటే ఫోర్కుల మీద లేచి కదులుతున్నప్పుడు మోసేది. ర్యాకింగ్ లోడ్ అంటే ర్యాక్‌లో రెండు అడ్డ కమ్మీల, అంటే బీముల మీద అంచులు మాత్రమే ఆని, నడుము గాల్లో ఉన్నప్పుడు మోసేది. ఒకే ప్లాస్టిక్ ప్యాలెట్‌కు వరసగా 4,000, 1,500, 1,000 కిలోలు అన్నట్టు ఈ మూడూ రాసి ఉండటం మామూలే. కొన్నిటికి మూడో గడిలో చిన్న గీత మాత్రమే ఉంటుంది. ఆ గీత అచ్చుతప్పు కాదు, ర్యాక్ ఎక్కించవద్దని చెప్పడం. కొనేవాళ్ల కన్ను మొదటి గడిలోని 4,000 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి అమ్మేవాళ్లు కూడా దాన్నే పెద్దక్షరాల్లో వేస్తారు.

నేల మీద పరిచిన పలక మీద ఏనుగు నడిచినా ఏమీ కాదు. అదే పలకను పంటకాలువ మీద అడ్డంగా వేస్తే మనిషి నడిచినా కిర్రుమంటుంది. గోడౌన్ లెక్క కూడా ఇదే. నేల మీద ఉన్న ప్యాలెట్ నలుగుతుంది గానీ వంగదు. ర్యాక్ మీద ఉన్నది వంగుతుంది. ఆ వంగుబాటును తేల్చేవి రెండు: ఆనికల మధ్య దూరం, పలక మందం. మొత్తం బరువు మారకుండా దూరం పెరిగితే వంగుబాటు ఆ దూరం ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. మందం తగ్గినా అలాగే ఘనపు లెక్కే. 22 మిల్లీమీటర్ల పలక బదులు 18 మిల్లీమీటర్లది వేస్తే కంటికి పెద్ద తేడా కనిపించదు, చెక్క ఖర్చు కాస్త తగ్గుతుంది. వంగుబాటు మాత్రం 1.8 రెట్లవుతుంది, విరగకుండా తట్టుకునే బలం మూడో వంతు పోతుంది. రేటు తగ్గించమని బేరమాడినప్పుడు ప్యాలెట్ కొట్టే మేస్త్రీ కోసేది ఆ నాలుగు మిల్లీమీటర్లనే. బేరం గెలిచామనుకునే పర్చేజు విభాగానికి ఆ సంగతి ర్యాక్ మూడో అంతస్తులో తెలుస్తుంది.

ఏ కొలత, ఎటు తిప్పి

అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 6780లో ఆరు కొలతలున్నాయి. వాటిలో మన దేశంలో ఎక్కువగా నడిచేది 1200 × 1000 మిల్లీమీటర్లు. చెన్నై చిక్కేమిటంటే ఇక్కడికి అన్ని దేశాల ప్యాలెట్లూ వస్తాయి. జపాన్, కొరియా సరుకు 1100 × 1100 మీద, యూరప్ సరుకు 1200 × 800 మీద, అమెరికాది 1219 × 1016 మీద రేవులో దిగుతుంది. కార్ల విడిభాగాలు నడిచే శ్రీపెరంబుదూరు, ఒరగడం బెల్టులో 1100 చదరం ప్యాలెట్ చూడని గోడౌన్ అరుదు. కంటెయినర్ లెక్కలో 1200 × 1000కీ దీనికీ పెద్ద తేడా లేదు. కంటెయినర్ లోపలి వెడల్పు సుమారు 2350 మిల్లీమీటర్లు. రెండు 1100లు కలిపినా 2200, ఒక 1200, ఒక 1000 కలిపినా 2200. ఇరవై అడుగుల పెట్టెలో నేల మీద ఈ రెండిట్లో ఏవైనా పదే పడతాయి.

తేడా ర్యాక్‌లో తెలుస్తుంది. ప్యాలెట్‌కూ ప్యాలెట్‌కూ, ప్యాలెట్‌కూ నిలువు కాలుకూ మధ్య కనీసం 75 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలన్నది సెలెక్టివ్ ర్యాక్‌లకు, అంటే ఏ ప్యాలెట్‌నైనా నేరుగా తీయగలిగే మామూలు ర్యాక్‌లకు, యూరప్ ప్రమాణాల్లో ఉన్న మాట. వెయ్యి వెడల్పు ప్యాలెట్లు రెండు పెట్టాలంటే 2225 కావాలి కాబట్టి 2300 బీము వేస్తారు, సరిపోతుంది. అదే బీముల మధ్య 1100 ప్యాలెట్లు రెండు దూర్చితే మిగిలేది 100 మిల్లీమీటర్లు. మూడు ఖాళీలకు పంచితే ఒక్కోటి 33. రెండేళ్ల అనుభవమున్న డ్రైవరైనా ఆరు మీటర్ల ఎత్తున తల వెనక్కి వాల్చి చూస్తూ అంత సందులో పెట్టలేడు. ర్యాక్ కాళ్ల మీద కనిపించే సొట్టలు చాలావరకు డ్రైవరు తప్పు కాదు, ఈ 33 మిల్లీమీటర్ల తప్పు.

లోతు లెక్క ఇంకా ముఖ్యం. 1200 లోతుగా వెళ్లే ప్యాలెట్‌కు సాధారణంగా 1000 మిల్లీమీటర్ల లోతున్న ఫ్రేము వేస్తారు. ముందు బీము నుంచి వంద, వెనక బీము నుంచి వంద బయటికి వస్తుంది. ఆ వంద మిల్లీమీటర్లే ప్యాలెట్‌కు ప్రాణం. డ్రైవరు కాస్త ముందుకో వెనక్కో పెట్టినా రెండు బీములూ ప్యాలెట్ కిందే ఉంటాయి. 1100 ప్యాలెట్ వస్తే ఆ వంద యాభై అవుతుంది. 1200 × 1000 ప్యాలెట్‌నే అడ్డంగా తిప్పి, వెయ్యి లోతుగా పెడితే ఆ ఆసరా సున్నా. అంచు బీము మీదే సరిగ్గా కూర్చోవాలి, ఒక్క అంగుళం జరిగితే వెనక అంచు జారిపోతుంది. నాలుగు వైపుల నుంచీ ఫోర్కు దూరుతుంది కదా అని ఎటు వీలైతే అటు పెట్టే గోడౌన్లు ఈ లెక్క చూసుకోవు.

దీనికి తోడు అడుగు భాగం చూడాలి. ప్యాలెట్ కింద మూడు పట్టీలుంటే అవి ముందు బీము నుంచి వెనక బీముకు వంతెనలా వెళ్లాలి. బీములకు సమాంతరంగా పడితే బరువంతా పట్టీలను వదిలేసి పై పలకల మీదికి వస్తుంది, మధ్య పట్టీ గాల్లో వేలాడుతుంది. తొమ్మిది కాళ్ల ప్లాస్టిక్ ప్యాలెట్లు, అంటే ఒకదానిలో ఒకటి ఒదిగి ఖాళీగా ఉన్నప్పుడు చోటు మిగిల్చేవి, ర్యాక్‌కు పనికిరావు. వాటి మధ్య కాళ్ల కింద ఏమీ ఉండదు. వాటిని ర్యాక్ ఎక్కించడానికి బీముల మీద స్టీలు జాలీ పరుస్తారు, లేదా సపోర్టు బార్లు వేస్తారు. రకరకాల ప్యాలెట్లు వచ్చిపడే గోడౌనులో జాలీ మంచి పనే. ఒకే రకం ప్యాలెట్ వాడే చోట మాత్రం జాలీకి పెట్టే డబ్బు మంచి ప్యాలెట్‌కు పెట్టడం మేలు. ఫోర్క్‌లిఫ్ట్ లోపలికే వెళ్లి సరుకు పెట్టే డ్రైవ్-ఇన్ ర్యాక్ సంగతి వేరు. అక్కడ ప్యాలెట్ రెండు పక్క అంచుల మీదే ఆనుతుంది, వెడల్పు పొడుగునా వంగుతుంది. సెలెక్టివ్ ర్యాక్‌లో పదేళ్లుగా పనిచేస్తున్నదని అదే ప్యాలెట్‌ను కొత్తగా కట్టిన డ్రైవ్-ఇన్‌లోకి మార్చడానికి వీల్లేదు.

ఇరవై ఆరు కిలోల బస్తా

రెడ్‌హిల్స్ వైపు బియ్యం వ్యాపారం ఎక్కువ కాబట్టి ఒక లెక్క ఇక్కడ చూడాలి. చాలాకాలం పాటు గోడౌన్లలో ప్యాలెట్ లెక్క నోటికి వచ్చేది: వరసకు 5 బస్తాలు, 8 వరసలు, 25 కిలోల చొప్పున 40 బస్తాలు, సరిగ్గా టన్ను. ర్యాక్‌లు కూడా ఆ లెక్కకే, ప్యాలెట్‌కు వెయ్యి కిలోలని, కట్టించుకున్నారు. 2022 జులై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల దాకా ఉన్న బియ్యం సంచుల మీద 5 శాతం జీఎస్‌టీ వచ్చింది. దాన్ని తప్పించుకోవడానికి మిల్లులు 26 కిలోల సంచి పట్టుకొచ్చాయి. బస్తా చూడటానికి అంతే ఉంది, వరసలు మారలేదు, ప్యాలెట్ మీద సరుకు మాత్రం 1,040 కిలోలైంది. దానికి ప్యాలెట్ సొంత బరువు 25 కిలోలు కలపాలి. రెండు ప్యాలెట్ల బీము జత 2,000 కిలోలకు కొన్నదైతే ఇప్పుడు మోస్తున్నది 2,130. ప్యాలెట్ బరువును ర్యాక్ లోడులో కలపాలన్నది చాలామందికి తట్టదు. పన్ను మారితే ర్యాక్ లెక్క మారుతుందన్నది ఇంకా తక్కువమందికి తడుతుంది. నెట్టులో ఒక వరస తగ్గించి 35 బస్తాలతో ఆపడం సుళువైన దారి. అందుకు గోడౌన్ యజమాని ఒప్పుకోడు, ఎనిమిదో వంతు చోటు పోతుందంటాడు. ఆయన లెక్కలో అది నిజమే. అయితే ఆ చోటు అసలు ఎప్పుడూ ఆయనది కాదు, డిజైనరు రక్షణ కోసం ఉంచిన మిగులులోంచి తీసుకుంటున్నది.

బస్తాలకు ఒక మంచి గుణముంది, బరువు ప్యాలెట్ నిండా సమంగా పరుచుకుంటుంది. డ్రమ్ములు అలా కాదు. మణలి వైపు రసాయనాల గోడౌన్లలో 200 లీటర్ల డ్రమ్ములు నాలుగేసి పెడతారు. డ్రమ్ము వ్యాసం 590 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, రెండు కలిపితే 1180. 1200 × 1000 ప్యాలెట్ మీద నాలుగు డ్రమ్ములు పెడితే వెయ్యి వైపున ఒక్కో పక్క 90 మిల్లీమీటర్లు బయటికి వేలాడుతుంది. డ్రమ్ము బరువంతా అడుగు అంచు మీదే ఉంటుంది కాబట్టి, వేలాడే చోట చివరి పలక మీద భారం గుమిగూడుతుంది. డ్రమ్ములకు 1200 × 1200 ప్యాలెట్ అయితే సరిపోతుంది. దానికి బీము పొడవు వేరుగా ఉండాలి. ప్యాలెట్ ముందు, ర్యాక్ తరవాత అనే వరస ఇందుకే.

అట్టపెట్టెల విషయంలో నష్టం ప్యాలెట్‌కు కాదు, పెట్టెకు. పెట్టె బలంలో ఎక్కువ పాలు నాలుగు మూలల్లో ఉంటుంది. మూల మీద మూల వచ్చేలా పేర్చితే ఆ బలం దక్కుతుంది. జారకుండా ఉండాలని ఇటుకల కట్టడంలా అడ్డదిడ్డంగా అల్లితే పెట్టె బలం సగం దాకా పోవచ్చు. అంగుళం బయటికి వేలాడినా, మూల సరిగ్గా రెండు పలకల సందులో పడినా అంతే. చెన్నై గాలి దీనికి తోడవుతుంది. అట్ట తేమ పీల్చేకొద్దీ మెత్తబడుతుంది, ఈశాన్య రుతుపవనాల నెలల్లో గోడౌన్ గాలి రోజుల తరబడి తడిగానే ఉంటుంది. జూన్‌లో ఐదు వరసలు నిలిచిన పెట్టె నవంబరులో అడుగున నలగడానికి ప్యాలెట్‌ను తిట్టి లాభం లేదు. కింది వరసలు మూల మీద మూలగా, పై వరస ఒక్కటి అల్లి, సాగే ప్లాస్టిక్ పొరను, అంటే స్ట్రెచ్ ఫిల్మ్‌ను, ప్యాలెట్‌తో కలిపి చుట్టూ చుట్టడం అన్నిటికంటే తక్కువ ఖర్చుతో కుదిరే పద్ధతి.

చెక్కా, ప్లాస్టిక్కా

ఈ వాదనకు పర్యావరణం, శుభ్రత, గౌరవం అన్నీ కలిపి చాలా పొడుగు వచ్చింది. గోడౌన్ వైపు నుంచి చూస్తే అసలు ప్రశ్న ఒకటే: ప్యాలెట్ తిరిగి వస్తుందా, రాదా? మన దగ్గర సరుకు ఎక్కువగా విడిగా లారీ ఎక్కి, విడిగా దిగుతుంది. హమాలీలు చేత్తో దించి, గోడౌనులో ప్యాలెట్ మీద పేర్చి, పంపేటప్పుడు మళ్లీ విడదీసి లారీకెక్కిస్తారు. అంటే ప్యాలెట్ గేటు దాటి బయటికే పోదు. అలాంటి చోట ఖరీదైనా ప్లాస్టిక్ నిలుస్తుంది, ఏళ్ల మీద పంచితే ఖర్చు తగ్గుతుంది. సరుకుతో పాటు వెళ్లిపోయే ప్యాలెట్‌కు ప్లాస్టిక్ పెట్టడం డబ్బు దండగ, అక్కడ చెక్కే. ఎగుమతి అయితే ఇక్కడే ఐఎస్‌పీఎం 15 వస్తుంది, అంటే చెక్కతో పాటు పురుగులు దేశం దాటకుండా పెట్టిన అంతర్జాతీయ నిబంధన.

2002లో వచ్చిన ఈ నిబంధన ప్రకారం చెక్క లోపలి భాగం దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాల పాటు తగలాలి, లేదా మిథైల్ బ్రోమైడ్ పొగ వేయాలి. ఆ తరవాత గోధుమ కంకి గుర్తు, దేశం కోడ్ ఐఎన్, తయారీదారు సంఖ్య, వేడి చేసినదైతే హెచ్‌టీ, మిథైల్ బ్రోమైడ్ వేసినదైతే ఎంబీ అని ముద్ర వేస్తారు. ఎంబీ కన్నా హెచ్‌టీ మేలు. మిథైల్ బ్రోమైడ్ ఓజోన్‌ను దెబ్బతీస్తుంది, ఆ ముద్ర ఉన్న ప్యాలెట్‌ను చాలామంది కొనుగోలుదారులు వద్దంటారు. ప్లైవుడ్, ప్లాస్టిక్ ప్యాలెట్లకు ఈ గొడవ లేదు. దేశం లోపల తిరిగే సరుకుకూ లేదు. మరమ్మతులో మూడో వంతు కన్నా ఎక్కువ చెక్క మారిస్తే పాత ముద్రలు చెరిపేసి, శుద్ధి మళ్లీ చేయించి, కొత్త ముద్ర వేయించాలి. దీన్ని పాటించని మరమ్మతు షెడ్లే ఎక్కువ.

హెచ్‌టీ ముద్ర చూసి చెక్క ఆరిందనుకోవడం పెద్ద పొరపాటు. అరగంట వేడి పురుగును చంపుతుంది, తేమను బయటికి తీయదు. పచ్చి చెక్కకు కూడా హెచ్‌టీ ముద్ర పడుతుంది. తేమ 20 శాతం దాటిన చెక్కకు బూజు పట్టడం ఖాయం. బూజు ఒక్కటే అయితే తుడుచుకోవచ్చు. పచ్చి చెక్కతో కొట్టిన ప్యాలెట్ చెన్నై గాలికి 14–16 శాతం దాకా ఆరేలోపు పలక ముడుచుకుంటుంది, మేకు చుట్టూ చెక్క పట్టు సడలుతుంది, తల పైకి లేస్తుంది. ఆ తల మొదట బస్తాను చీలుస్తుంది, తరవాత చెయ్యిని. నున్నటి మేకు బదులు మెలి మేకు కొట్టించడం, దించుకునేటప్పుడు చెక్కలో తేమ కొలవడం, ఈ రెండూ చేస్తే సగం ఫిర్యాదులు రావు. తేమ మీటరు పెద్ద ఖరీదైన వస్తువేం కాదు. కేరళ, కన్యాకుమారి వైపు నుంచి వచ్చే రబ్బరు చెక్కకు ఇంకో బెడద ఉంది. అది పైన్ కన్నా బరువైనది, గట్టిది, కానీ కోసిన కొద్ది రోజుల్లోనే బూజుకు, పిండి పురుగుకు లొంగిపోతుంది. బోరాన్ మందు పట్టించనిదైతే పలక కింద పసుపుపచ్చ పొడి రాలుతూ ఉంటుంది. హెచ్‌టీ చేసిందే కదా అనడానికి లేదు. వేడి అప్పటికి ఉన్న పురుగును చంపుతుంది, రేపు వచ్చేదాన్ని ఆపలేదు.

మందుల గోడౌన్లు చెక్కను దూరం పెట్టడానికి కారణం పొడి, పెచ్చులు మాత్రమే కాదు. 2009–10లో అమెరికాలో టైలెనాల్ మాత్రలను బూజు వాసన వస్తోందన్న ఫిర్యాదులతో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. చెక్క ప్యాలెట్లకు వాడిన రసాయనం విడిపోగా ఏర్పడిన ట్రైబ్రోమోఅనిసోల్ అనే పదార్థం దానికి కారణమని తేల్చారు. మాత్రకు తగలని చెక్క, డబ్బాకు కూడా తగలని చెక్క, వాసనతోనే సరుకును పాడు చేసింది. మసాలాలు, కాఫీ, టీ నిల్వ చేసేవాళ్లు కూడా గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇది.

ప్లాస్టిక్‌కు ఉన్న అసలు లోపం వేరు. చెక్క వంగవలసినంత వంగి ఇంచుమించు అక్కడ ఆగుతుంది. ప్లాస్టిక్ బరువు కింద రోజురోజుకూ ఇంకాస్త సాగుతూ పోతుంది, వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా. చెన్నైలో మే నెల మధ్యాహ్నం రేకుల కప్పు కింద, ర్యాక్ పై అంతస్తులో ఉండే వేడి నేల మీది వేడికన్నా ఎంతో ఎక్కువ. నెలల తరబడి కదలని బరువైన సరుకును ప్లాస్టిక్ ప్యాలెట్ మీద పెట్టి పై అంతస్తుకు ఎక్కించడం అన్నిటికన్నా చెడ్డ కలయిక. లోపల స్టీలు గొట్టాలు దూర్చిన ప్యాలెట్లు ఉన్నది ఇందుకే. గొట్టం లేని ప్యాలెట్‌కు ర్యాకింగ్ లోడ్ చెబితే ఎన్ని డిగ్రీల దగ్గర, ఎన్ని రోజులకు అని అడగాలి. చలి వైపు లెక్క తిరగబడుతుంది. నెల్లూరు రొయ్యలు నిల్వ ఉండే మైనస్ 18 డిగ్రీల గదిలో పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ పెళుసుబారి ఫోర్కు తగిలితే పగులుతుంది, హెచ్‌డీపీఈ అనే ఇంకో రకం ప్లాస్టిక్ తట్టుకుంటుంది. రెండూ ఒకే రంగులో ఒకే ఆకారంలో దొరుకుతాయి కాబట్టి బిల్లు మీద ఏది రాశారో చూసుకోవాలి. ఇంకో చిన్న సంగతి: నున్నటి ప్లాస్టిక్ స్టీలు బీము మీద జారుతుంది. అడుగున రబ్బరు బిళ్లలు లేని ప్యాలెట్‌ను ర్యాక్ కోసం కొనకపోవడం మంచిది.

ఫోర్కు కింద

ప్యాలెట్లు ఎక్కువగా విరిగేది బరువుకు కాదు, ఫోర్కు పోట్లకు. ముందు అంచు పలక మొదట పోతుంది. ఫోర్కులు వంచి దూర్చడం, సగం దూర్చి లేపడం, ఒక ఫోర్కుతో మూలను తోసి ప్యాలెట్‌ను తిప్పడం, ఇవన్నీ డ్రైవరు నిమిషం మిగుల్చుకునే పద్ధతులు. గంటకు ఇన్ని ప్యాలెట్లని లెక్క కట్టి జీతమిచ్చే చోట అతన్ని ఒక్కణ్ణే తప్పుపట్టడం న్యాయం కాదు.

ప్యాలెట్‌ను కాస్త లేపి చేత్తో లాగే హైడ్రాలిక్ ట్రాలీ చేసే నష్టం కనిపించదు. ట్రాలీ ఫోర్కు పొడవు సాధారణంగా 1150 మిల్లీమీటర్లు. 1200 లోతు వైపు నుంచి దూర్చితే సరిగ్గా లోపలే ఉంటుంది. వెయ్యి లోతు వైపు నుంచి దూర్చితే కొన 150 మిల్లీమీటర్లు అవతలికి పొడుచుకొస్తుంది, వెనకున్న ప్యాలెట్‌ను కూడా లేపుతుంది. చక్రం అడుగు పలక మీద ఆగిందో, హ్యాండిల్ కొట్టగానే ఆ పలక మేకులతో సహా ఊడుతుంది. పైన సరుకు ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు. ఆ ప్యాలెట్ అలాగే ర్యాక్ ఎక్కుతుంది. రెండు వైపులా పలకలున్న తిరగేసి వాడే ప్యాలెట్లు ట్రాలీకి అసలు పనికిరావు. అవి ఫోర్క్‌లిఫ్ట్ కోసమే.

ఫోర్క్‌లిఫ్ట్ ప్లేటు మీద రాసిన సామర్థ్యం సాధారణంగా 500 మిల్లీమీటర్ల లోడ్ సెంటర్‌కు, అంటే ఫోర్కు మొదలు నుంచి సరుకు బరువు మధ్య బిందువు దాకా ఉండే దూరానికి, రాసింది. 1200 లోతున్న ప్యాలెట్‌కు బరువు మధ్య బిందువు 600 దగ్గర ఉంటుంది. ఒకటిన్నర టన్నుల బండి అక్కడ మోయగలిగేది 1,350 దగ్గరికి పడిపోవచ్చు. ఎత్తు పెరిగితే ఇంకా తగ్గుతుంది. కచ్చితమైన లెక్క ఆ బండి చార్టులోనే ఉంటుంది. చార్టు ఇంగ్లీషులో, బండి మీద బూజు పట్టిన స్టిక్కరుగా ఉంటే డ్రైవరుకు లాభం లేదు. ర్యాక్ లోడ్ బోర్డులు తమిళం, తెలుగు, హిందీలో పెట్టించడానికి అయ్యే ఖర్చు వంగిన ఒక బీము ఖరీదు కాదు.

ఖాళీ ప్యాలెట్లు

సరుకున్న ప్యాలెట్ గురించి అందరూ ఆలోచిస్తారు, ఖాళీది ఎక్కడ ఉందో ఎవరూ చూడరు. పేర్చిన ఖాళీ చెక్క ప్యాలెట్లంటే ఆరిన కట్టె, మధ్యలో గాలి ఆడటానికి సందులు. నిప్పుకు ఇంతకన్నా అనువైన అమరిక లేదు. ప్లాస్టిక్ అయితే మంట ఇంకా వేడిగా, కరిగి కారుతూ వ్యాపిస్తుంది. అమెరికా అగ్నిమాపక ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 13 ఖాళీ ప్యాలెట్లను విడి ప్రమాదంగా చూస్తుంది. ప్రత్యేక ఏర్పాటు లేకుండా లోపల పెట్టే చెక్క ప్యాలెట్ల దొంతర 6 అడుగులు దాటకూడదంటుంది. మన గోడౌన్లలో లారీలు ఎక్కించి దించే డాక్ పక్కన, సరిగ్గా ఎలక్ట్రికల్ ప్యానెల్ కింద, పన్నెండడుగుల దొంతర మామూలు దృశ్యం.

బయట పెడితే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన, మిగతా నెలల్లో ఎండ. తడిసిన చెక్క ప్యాలెట్ తూకం పెరిగి కాటా లెక్కలు తప్పుతాయి, చెదలు పడుతుంది. ఎండ ప్లాస్టిక్‌ను పెళుసు చేస్తుంది. గోడకు బాగా ఎడంగా, పైన రేకు, పక్కలు తెరిచి, నేల కాంక్రీటు చేసిన చిన్న షెడ్డు ఒక్కటే ఈ రెండు బాధలకూ మందు. కొత్త గోడౌను కట్టేటప్పుడు ఆర్కిటెక్టు ప్లానులో ఇది ఉండదు, అడిగి వేయించుకోవాలి.

నీళ్లొచ్చినప్పుడు ప్యాలెట్ సరుకును కాపాడుతుందన్న నమ్మకం కూడా వదులుకోవాలి. ప్యాలెట్ ఎత్తు ఇంచుమించు 150 మిల్లీమీటర్లు, అంటే అరడుగు. 2015 డిసెంబరు వరదలోను, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు అంబత్తూరు పారిశ్రామికవాడ మునిగినప్పుడూ నీళ్లు అరడుగు దగ్గర ఆగలేదు. చెక్క తేలుతుంది, ప్లాస్టిక్ కూడా తేలుతుంది. ఖాళీ దొంతర నీళ్లలో లేచి ర్యాక్ కాళ్లను గుద్దుతుంది, షట్టరుకు అడ్డం పడుతుంది. పల్లపు చోట ఉన్న గోడౌను అక్టోబరులోనే ఖాళీ ప్యాలెట్లను తాళ్లతో కట్టేయడం, తడిస్తే పోయే సరుకును మొదటి బీము పైకి మార్చడం తప్పనిసరి.

అద్దె ప్యాలెట్లు ఇప్పుడు చెన్నైలో బాగానే నడుస్తున్నాయి. ఏడాదిలో సరుకు బాగా ఎక్కి దిగే వ్యాపారానికి అవి నయం. అయితే పోయిన ప్యాలెట్‌కు, విరిగినదానికి ఎవరు కట్టాలన్నది ఒప్పందంలో ముందే తేలాలి. దించుకున్న రోజే విరిగినవి వేరు చేసి రాయించకపోతే ఏడాది చివర ఆ లెక్క గోడౌను మీదే పడుతుంది.

ఇక ఏ ప్యాలెట్ కొన్నా, అమ్మేవాళ్ల కాగితం ఏం చెప్పినా, ర్యాక్‌కు తగునా అని గోడౌనులోనే తేల్చుకోవచ్చు. ర్యాక్ అడుగు బీములను నేలకు అడుగు ఎత్తున దించి, నాలుగు శాంపిల్ ప్యాలెట్లను వాడబోయే దిశలోనే వాటి మీద పెట్టాలి. వాటి మీద నిజంగా పెట్టబోయే సరుకే, నిజంగా పెట్టబోయే బరువే పేర్చాలి. అడుగున ఈ అంచు నుంచి ఆ అంచుకు దారం బిగించి, నడుమ ఎంత దిగిందో వెంటనే ఒకసారి, మర్నాడు అదే వేళకు ఒకసారి, వారం గడిచాక ఒకసారి కొలవాలి. వారం తరవాత సరుకు దించి, ప్యాలెట్ ఎంత వెనక్కి లేచిందో చూడాలి. రెండో రోజుకు ఆగినది ర్యాక్‌కు వెళ్లొచ్చు. వారానికీ దిగుతూనే ఉన్నది, దించాక కూడా వంపు పోనిది, నేల మీద వాడుకోవడానికి పనికొస్తుంది. పరీక్షకు శాంపిళ్లు ఇవ్వనన్న సప్లయర్ దగ్గర ర్యాక్ కోసం కొనకూడదు.